ఏ వంపు దగ్గర నిలబడతామో

ఇరుంగాట్టుకోట్టై రేసులకి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గర ఉన్నది నికాన్ డి7200 కెమెరా, దానికి తగిలించిన 70-300 జూమ్. లెన్స్ బరువు ముప్పావు కిలో. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి చెన్నై, అక్కణ్ణించి బస్సులో శ్రీపెరుంబుదూరు వైపు. బెంగళూరు హైవే పక్కన, ఫ్యాక్టరీల మధ్య 1990లో తెరిచిన ట్రాకు అది. చుట్టు 3.7 కిలోమీటర్లు. కెమెరాలు పట్టుకుని వచ్చే కుర్రాళ్ళ మధ్య అక్కడ నడిచే చర్చ ఒక్కటే: ఎన్ని మిల్లీమీటర్లు? 300 ఉన్నవాళ్ళు 400 వాళ్ళ వైపు, 400 ఉన్నవాళ్ళు 600 వాళ్ళ వైపు చూస్తుండేవాళ్ళు. కారు దూరంగా పోతుంది కాబట్టి లెన్స్ ఎంత పొడుగైతే అంత మంచిదని అందరి నమ్మకం.

ఆ నమ్మకాన్ని నా వరకు కదిలించినది ఒక పెద్దాయన. పుట్టింది నెల్లూరు, స్థిరపడింది చెన్నై. ఇరుంగాట్టుకోట్టై రాకముందు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల నుంచీ ఫోటోలు తీస్తున్నారు. ఆయన చేతిలో కానన్ 100-400 ఉండేది, 1998లో వచ్చిన మొదటి రకం. దానికి రింగు తిప్పే పని లేదు. గొట్టాన్ని ముందుకి తోస్తే 400, వెనక్కి లాగితే 100. దుమ్ము లోపలికి పీలుస్తుందని ఆ లెన్స్‌కి చెడ్డపేరు ఉండేది. ఆ మాట ఎత్తితే, "దుమ్ము తుడిపించుకుంటే పోతుంది బాబూ, ఇంత గబుక్కున జూమ్ అయ్యే లెన్స్ ఇంకోటి చూపించు" అనేవారు.

"ఎన్ని మిల్లీమీటర్లది కొనమంటారు సార్?" అని అడిగాను.

"ఎక్కడ నిలబడతావు?" అని ఆయన నన్నడిగారు.

నాకు జవాబు తోచలేదు. ఆ రోజు ఉదయం ప్రాక్టీసు అయ్యేదాకా నా కెమెరాని సంచిలోంచి తీయనివ్వలేదు ఆయన. ట్రాకు పక్కన మమ్మల్ని తిరగనిచ్చిన మేర నడిపించారు. మెయిన్ స్ట్రెయిట్ దాటాక వచ్చే కుడి వంపుని అక్కడ సీ1 అంటారు. ఫార్ములా కార్లు దాన్లోకి వచ్చే తీరు వేరు, సెలూన్ కార్లు వచ్చే తీరు వేరు. ఇంకాస్త నెమ్మదైన వంపుల్లో సెలూన్ కారు లోపలి వైపు చక్రం ఒకటి నేల విడిచి గాల్లోకి లేస్తుంది. ఎక్కడ లేస్తుందో చూడమన్నారు. ప్రతి చుట్టులోనూ దాదాపు అదే చోట లేచింది. ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, డ్రైవర్ హెల్మెట్ మీద వెలుగు ఉందా, వెనకాల ఏముంది, చెట్లా, నీళ్ళ ట్యాంకరా, ఎవరో ఆరేసిన రంగురంగుల టార్పాలిన్లా, ఇవన్నీ చూపించారు. చోటు తేలాక, అక్కణ్ణించి కారు వెళ్ళే గీతకి ఎన్ని అడుగులుంటాయో అంచనా వేయమన్నారు. లెన్స్ సంగతి ఆ తర్వాత.

అప్పటి నుంచి నేను వాడుతున్న లెక్క ఒకటి ఉంది. నా కెమెరా సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో 50 మీటర్ల దూరంలో చూస్తే ఫ్రేములో పట్టేది దాదాపు 5.9 మీటర్ల వెడల్పు. ఫార్ములా కారు పక్క నుంచి చూస్తే సుమారు 5 మీటర్లు అనుకుంటే, ముందొక మూరెడు, వెనకొక మూరెడు జాగా వదిలి ఫ్రేము నిండుతుంది. అంటే మిల్లీమీటర్లని నాలుగుతో భాగిస్తే, కారు ఫ్రేము నిండుగా పట్టే దూరం మీటర్లలో వస్తుంది. 300కి 75 మీటర్లు, 400కి 100 మీటర్లు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే నాలుగు బదులు ఆరు. ఈ చిన్న భాగాహారం తెలిస్తే దుకాణంలో మాటకారితనానికి లొంగాల్సిన పని తగ్గుతుంది.

కారు ఎదురుగా వస్తుంటే ఈ లెక్క మారిపోతుంది. ఎదుటి నుంచి దాని వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు. 100 మీటర్ల దూరంలో 500 లెన్స్ పెట్టినా ఫ్రేములో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ నిండుతుంది, అంతే. బైకుల సంగతి మరీ కష్టం. పక్క నుంచి చూసినా బైకు పొడవు రెండు మీటర్లే. కార్ల రేసుకి సరిపోయిన లెన్స్ అదే వంపు దగ్గర, అదే మెట్టు మీద, బైకుల రేసుకి సగానికి సగం తక్కువవుతుంది. మన దేశంలో కార్ల రేసులతో పాటు బైకుల రేసులూ బాగా జరుగుతాయి కాబట్టి, ఏవి తీస్తామో తేల్చుకోకుండా లెన్స్ కొనడం డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.

బైకుల కోసమే ఒకసారి నికాన్ 200-500 అద్దెకి తీసుకున్నాను. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కెమెరా దుకాణాల చుట్టూ తిరిగి, అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా దొరికింది. 2015లో వచ్చిన లెన్స్. జూమ్ మొత్తం మీద అపర్చర్ 5.6 దగ్గరే నిలుస్తుంది. చిత్రం చాలా బాగా వస్తుంది, ఆ ధరకి అంత నాణ్యత అప్పట్లో అరుదు. దూరం నుంచి ఎదురుగా వచ్చే బైకుని, మోకాలు తారుకి ఆనించి ఒరిగిన రైడర్ని, హెల్మెట్ అద్దం వెనక కళ్ళతో సహా పట్టింది. ఆ ఫోటోలు ఇప్పటికీ నాకు ఇష్టం.

కానీ ఆ లెన్స్ బరువు 2.3 కిలోలు. పొద్దున ఎనిమిదింటికి చేతికి అందినప్పుడు అది బరువే కాదు. మధ్యాహ్నం రెండింటికి, ఆ చెన్నై ఉక్కలో, బండితో పాటు నడుం తిప్పుతూ ప్యాన్ చేసినప్పుడు తెలుస్తుంది. చెయ్యి అలిసిపోతే ముందు పోయేది ప్యానింగ్‌లోని నునుపు. లెన్స్ ఒక గీత మీద సాగకుండా పైకీ కిందకీ ఊగుతుంది. మోనోపాడ్ మీద పెడితే బరువు నేల మోస్తుంది గానీ, ఎడం నుంచి కుడికి తిరుగుతూ మధ్యలో ఒక మెట్టు దిగాలన్నా, పక్కవాడికి దారివ్వాలన్నా కట్టేసినట్టుంటుంది. ఇంకోటి, జూమ్ రింగు. 200 నుంచి 500కి వెళ్ళడానికి ఒక్క మణికట్టు తిప్పు చాలదు. చెయ్యి వదిలి మళ్ళీ పట్టుకోవాలి. గంటకి 180 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 50 మీటర్లు. చెయ్యి మార్చుకునే అర సెకనులో బండి 25 మీటర్లు పోయింది. దుకాణంలో ఏ లెన్స్ చేతికిచ్చినా నేను ముందు చేసే పని, కంటికి ఆనించి ఆ చివర నుంచి ఈ చివరికి రింగు తిప్పి చూడడం.

మూడోది ఎండమావులు. మధ్యాహ్నం తారు వేడెక్కాక దాని మీది గాలి అలలు అలలుగా లేస్తుంది. 200 మీటర్ల దూరం నుంచి ఆ గాలిలోంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా కారు మీది అంకె వంకరపోతుంది. మబ్బేసినట్టు మెత్తబడుతుంది బొమ్మ. అది లెన్స్ లోపం అనుకుని అమ్మేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. పొడుగు లెన్స్ ఆ గాలిని కూడా దగ్గరికి తెస్తుంది. అప్పుడు చేయగలిగింది దగ్గరి వంపుకి మారి చిన్న లెన్స్‌తో తీయడం, లేదా నాలుగు గంటల దాకా ఆగడం.

ఇక అపర్చర్ గురించి. మా బావమరిది పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్. ఆంధ్రలో, తెలంగాణలో పెళ్ళి ఫోటోలు తీసే ప్రతివాడి దగ్గరా ఉండే 70-200, అపర్చర్ 2.8 లెన్స్ వాడి దగ్గర ఉంది. మండపం మీద జనం మధ్యలోంచి పెళ్ళికూతురి ముఖం ఒక్కటే తేలేలా తీయడానికి దానికి మించింది లేదు. "బావా, డబ్బులు పెట్టేదేదో దీని మీదే పెట్టు, ఇది అన్నిటికీ పనికొస్తుంది" అని వాడు చాలాసార్లు చెప్పాడు. రేసు విషయంలో నేను ఒప్పుకోలేదు. పట్టపగలు ఎండలో, ఐఎస్ఓ 100 దగ్గర, 1/125 షట్టర్‌తో ప్యాన్ చేయాలంటే అపర్చర్ ఎలాగూ 14 దాకా మూసుకోవాలి. 1/60కి వెళితే 20. 2.8 కోసం పోసిన డబ్బంతా అక్కడ మూసుకుపోయినట్టే. మరి షట్టర్ పెంచి 1/2000లో తీస్తే? కారు కదలదు, చక్రాలు కదలవు. షోరూము ముందు ఆపిన బండిలా ఉంటుంది ఫోటో. చక్రంలోని ఊచలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, వెనకాల చెట్లు గీతలైపోయి, హెల్మెట్ మాత్రం చెక్కినట్టు ఉండాలి. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 1/125 సెకనులో 40 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ 40 సెంటీమీటర్లే ఫోటోలో వేగంగా కనిపించేది.

అయితే 2.8కి దాని చోటు ఉందని హుస్సేన్ సాగర్ ఒడ్డున చూశాను.

2023 ఫిబ్రవరి 11, శనివారం. మన దేశంలో మొట్టమొదటి ఫార్ములా-ఈ (విద్యుత్ కార్ల) రేసు. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు, కొత్త సచివాలయం పరిసరాల్లో 2.83 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు. రోజూ సాయంత్రం పిల్లల్ని తిప్పే రోడ్డు మీద ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరుగుతుందంటే నాకు నిద్ర పట్టలేదు. ఇరుంగాట్టుకోట్టైలో పెద్దాయన నేర్పినట్టే, కాంక్రీటు దిమ్మెలు పడుతున్న రోజుల్లో ఆ దారిన నడిచాను. స్టాండు కడుతున్న చోటు నుంచి రోడ్డు అంచుకి అడుగులు లెక్కపెట్టుకున్నాను. ముప్పై, నలభై మీటర్లకి మించి లేదు. నాలుగుతో గుణిస్తే 120 నుంచి 160 మిల్లీమీటర్లు. ఊళ్ళో మిత్రులు 600 లెన్సుల గురించి మాట్లాడుకుంటున్నారు. వాటితో ఆ దూరంలో కారు ముక్కు తప్ప ఏమీ పట్టదు.

అసలు అడ్డంకి ఎత్తైన ఇనుప వల. నగరం మధ్యలో జరిగే రేసుకి ప్రేక్షకుల భద్రత కోసం దిమ్మెల మీద వల తప్పదు. ప్రెస్ వాళ్ళకి లెన్స్ పట్టేంత కిటికీలు వలలో కోస్తారు. టికెట్ కొనుక్కుని కూర్చునేవాళ్ళం వలలోంచే తీయాలి. వల కరిగిపోవాలంటే అపర్చర్ బాగా తెరవాలి, కారు వలకి దూరంగా ఉండాలి, వీలైతే వల మీద ఎండ పడకుండా నీడలో ఉన్న భాగం వెతుక్కోవాలి. ఎండ పడిన తీగ ఫోటో అంతటా తెల్లటి పొర పరుస్తుంది. అందుకని బావమరిదిని అడిగాను. మాఘమాసం, పెళ్ళిళ్ళ కాలం.

"ఈ వారమేనా బావా నీకు గుర్తొచ్చింది?" అన్నాడు. చివరికి వాడి మిత్రుడి దగ్గర అదే లెన్స్ ఇంకోటి ఇప్పించాడు.

ఎండలో అపర్చర్ 4 దాకా తెరిచి, షట్టర్ 1/250కి తగ్గించాలంటే వెలుగు మరీ ఎక్కువైపోతుంది. మూడు స్టాపులు వెలుగు తగ్గించే గ్రే ఫిల్టర్ పెట్టాను. ఆ లెన్స్ ముందు భాగం 77 మిల్లీమీటర్లు, అందుకు ఫిల్టర్ సులువుగా దొరికింది. 200-500కైతే 95 మిల్లీమీటర్ల ఫిల్టర్ కావాలి, దాని ధర వింటే వెనక్కి రావాలనిపిస్తుంది. ఫోకస్ పరిధి తగ్గించే స్విచ్చిని దూరం వైపు పెట్టాను, లేకపోతే ఆటోఫోకస్ కారుని వదిలి వల తీగని పట్టుకుంటుంది. ప్యాన్ చేస్తుంటే ఇంకో మేలు కూడా జరిగింది. లెన్స్ కారుతో పాటు కదులుతుంది, వల కదలదు. కాబట్టి తీగలు కూడా గీతలుగా సాగిపోయి, పల్చటి తెర తప్ప ఏమీ మిగల్లేదు.

నేను సిద్ధపడనిది శబ్దం. ఇరుంగాట్టుకోట్టైలో ఇంజిన్ అరుపే నాకు ముందుగా కబురు చెప్పేది. గేరు దించిన చప్పుడు వినగానే కెమెరా లేచేది. ఈ విద్యుత్ కార్లు ఈలలాంటి సన్నటి కూతతో, దాదాపు ఎదురుగా వచ్చేదాకా తెలియకుండా వచ్చేస్తాయి. అందుకని 70 దగ్గర తెరిచి ఉంచి, కారు ఫ్రేములోకి రాగానే 150కి బిగించాను. అక్కడ జూమ్ రింగు చురుకుదనం ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

పోల్ పొజిషన్ నుంచి బయల్దేరిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ని, హెయిర్‌పిన్‌లో వెనక నుంచి వచ్చి గుద్దింది అతని జట్టు సభ్యుడు శామ్ బర్డే. ఆ దృశ్యం నాకు పెద్ద తెర మీదే కనిపించింది. ఇద్దరూ రేసు నుంచి తప్పుకున్నారు. చివరి చుట్లలో డీఎస్ పెన్‌స్కె జట్టు జాన్ ఎరిక్ వెర్న్, బ్యాటరీలో శక్తి తరిగిపోతుండగా, వెనకే వచ్చిన నిక్ కాసిడీకి సందివ్వకుండా గెలిచాడు. ఆ రెండు కార్లూ ఒకదానికొకటి ఆనుకున్నట్టు నా ముందు నుంచి వెళ్ళిన ఫ్రేము ఒకటి ఉంది. రెండూ పట్టాయి. పొడుగు లెన్స్ అయి ఉంటే ఒకటే పట్టేది, ఆ పోటీ మొత్తం ఫోటోలోంచి జారిపోయేది.

మరుసటి ఏడాది హైదరాబాదులో ఆ రేసు రద్దయింది. ఫోటోలు తీసేవాళ్ళకే కాదు, రేసంటే ఏమిటో మొదటిసారి చూసి కేరింతలు కొట్టిన వేలాదిమంది పిల్లలకీ అది పెద్ద నష్టం. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

సొంతానికి నేను కొన్నది మాత్రం 70-200 కాదు, 200-500 కాదు. సిగ్మా 100-400, 2017లో వచ్చినది, కోఠీలోనే సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. బరువు 1.2 కిలోల లోపు. అపర్చర్ 400 దగ్గర 6.3, కానీ పగలు దాంతో నాకు పని లేదు. ప్యానింగ్ కోసం అడ్డంగా కదిలే కదలికని వదిలేసి, పైకీ కిందకీ ఊగే ఊపుని మాత్రమే అదిమే స్విచ్చి ఉంది. హుడ్ పట్టుకుని ముందుకి తోసీ వెనక్కి లాగీ జూమ్ చేయొచ్చు. పెద్దాయన పాత కానన్‌లా. మోనోపాడ్‌కి తగిలించే పట్టీ దానికి లేదు, అదొక్కటే లోటు. చేత్తోనే పట్టుకుంటాను కాబట్టి సర్దుకున్నాను. నా లెక్క ప్రకారం 25 మీటర్ల నుంచి 100 మీటర్ల దాకా కార్లకి సరిపోతుంది. ఇరుంగాట్టుకోట్టైలో నేను నిలబడే చోట్లు దాదాపు అన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి.

రాత్రి రేసులకి అది చాలదు. 2024 ఆగస్టు, సెప్టెంబరుల సంధిలో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ దీపాల వెలుగులో 3.5 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద రేసు జరిగింది. 2.8 లెన్స్‌తో ఐఎస్ఓ 3200 దగ్గర వచ్చే ఫోటో, 6.3తో తీయాలంటే 16,000కి పోవాలి. నా కెమెరాలో అంత ఎత్తుకి వెళితే రంగులన్నీ రేణువులైపోతాయి. అక్కడికి మళ్ళీ అద్దెకి 70-200 పట్టుకెళ్ళాను. ప్యానింగ్‌కి 1/60, 1/80 వాడినంతసేపూ ఐఎస్ఓ కిందికే ఉంది. బ్రేకు వేస్తూ ఎదురుగా వచ్చే కార్లకి మాత్రం ఆ వెడల్పాటి అపర్చర్ లేనిదే పని జరగలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే రాత్రి కోసం అంత డబ్బు పెట్టి కొనడం కన్నా అద్దె మేలు.

ఈమధ్య వరంగల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. 150-600 వాయిదాల మీద కొనబోతున్నాడు.

"అన్నా, సిగ్మాలో కాంటెంపరరీ తీసుకోనా, స్పోర్ట్స్ తీసుకోనా?" అన్నాడు.

మొదటిది దాదాపు రెండు కిలోలు, రెండోది మూడు కిలోలకి కాస్త తక్కువ. ముందు ఏ రేసుకి పోతున్నావు తమ్ముడూ అని అడిగాను. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో కార్ల రేసుకట. చెట్టిపాళయం దగ్గర రెండు కిలోమీటర్ల చిల్లర ఉన్న చిన్న ట్రాకు అది. కాగితం మీద నాలుగుతో భాగించి చూపించాను. పాత 70-300 కొనిపించాను, మిగిలిన డబ్బు రైలుకీ బసకీ ఉంచుకోమన్నాను. వెళ్ళొచ్చి ఫోటోలు పంపాడు. 1/160లో తీసిన ఫార్ములా కారు ఒకటి, చక్రాలు సుడులు తిరుగుతున్నాయి, హెల్మెట్ మీది గీత కూడా చెదరలేదు. చాలా సంతోషమేసింది. ఇప్పుడు బైకుల రేసుకి వెళ్తానంటున్నాడు. దానికి 300 చాలదు. నా 100-400 తీసుకుపొమ్మన్నాను.